మంటపం గాలి

కబ్బన్‌పేటలో వెంకటగిరియప్ప ఇల్లెక్కడ అని అడిగితే తల గోక్కుంటారు. కారు గిరియప్ప అంటే మాత్రం పసిపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. తాత మగ్గం నేశాడు, తండ్రి మగ్గం నేశాడు. గిరియప్ప పట్టునూలు వ్యాపారంలో దిగి కాస్త నిలదొక్కుకున్నాడు. యుద్ధానికి ఏడాది ముందు, సీమకు వెళ్ళిపోతున్న ఒక కాఫీతోట దొర దగ్గర పాత కారు కొన్నాడు. నల్లటి మూసుబండి, నాలుగు తలుపులు, పైకీ కిందికీ తిప్పే అద్దాలు.

డ్రైవరును పెట్టుకోలేదు. మెకానిక్కు గడప తొక్కనివ్వలేదు. తెగిన పట్టుపోగును కంటికి కనపడకుండా అతికే చేతులవి, ఊరికే ఉంటాయా? మొదటి నెలలోనే కారు విప్పి పెరటినిండా గోనెపట్టాలు పరిచి, ఏ మర ఎక్కడిదో బొగ్గుతో గోడమీద బొమ్మ గీసుకుని, నాలుగో రోజుకు మళ్ళీ బిగించేశాడు. రెండు నట్లు మిగిలిపోయాయి. "అవి దొర ఎక్కువ పెట్టుకున్నవి లే" అన్నాడట. బండి మాత్రం మునుపటికంటే మెత్తగా నడిచింది.

అప్పటినుంచి ఆదివారం పొద్దున గిరియప్ప పెరడంటే కారున్నవాళ్ళకు సంత. అరడజను మంది చేరేవాళ్ళు. ఒకరు బ్రేకు సరిచేసుకుంటే ఇంకొకరు పాత ట్యూబు ముక్కలతో పంక్చరు అతికేవాళ్ళు. గిరియప్ప తన కారులో వెనక సీటుకు సొంత మగ్గంమీద నేసిన పట్టు తెరలు కట్టాడు, అంచుకు సన్నని జరీ. అవి చూడటానికే పేటలోని ఆడవాళ్ళు వంకలు పెట్టుకుని వచ్చేవాళ్ళు.

అంతలో పెట్రోలుకు రేషను వచ్చింది. చీటీకి ఇచ్చే పెట్రోలు నెలలో నాలుగు రోజులకు కూడా చాలదు. ఊళ్ళో బస్సులన్నీ బొగ్గు గ్యాసుకు మారాయి. వెనకాల ఇంతెత్తు ఇనప డ్రమ్ము, అందులో బొగ్గుల నిప్పు, ఆ నిప్పు నుంచి పుట్టే గ్యాసు గొట్టంగుండా ఇంజనుకు. కార్లవాళ్ళూ అదే దారి పట్టారు. కానీ డ్రమ్ము వెనక వేలాడుతుంటే బండి కాటికాపరి కుండ మోసుకుపోతున్నట్టు ఉండేది. ఎక్కే ఆడవాళ్ళ చీరలకు మసి.

గిరియప్పకు అది నచ్చలేదు. వెనక సీటు వెనకాల సామాన్ల పెట్టె కోసి, లోపల రేకు వేసి, మట్టి మెత్తి, డ్రమ్మును అందులోనే దాచేశాడు. బయటికి చూస్తే మామూలు కారే. డ్రమ్ము బండికి బయటే ఉండాలని సర్కారు కాగితంలో రాసి ఉండింది. నిప్పు భయం కోసం అలా రాశారనుకున్నాడు. మట్టి మెత్తాను కదా, ఇంక భయమేముంది అనుకున్నాడు. డ్రమ్ము మూత దగ్గర సందుకు మాత్రం తాతల నాటి పద్ధతి: రాగి గంజిలో బూడిద కలిపి, నూలు తాడు ముంచి చుట్టూ బిగించడం. పడుగుకు గంజి పెట్టే ఇంటివాడికి గంజిని మించిన బంక ఏముంటుంది? నిప్పు రాజుకోవడానికి కమ్మరి కొలిమిలో వాడే తిరుగుడు తిత్తి ఒకటి తెచ్చి డ్రమ్ముకు బిగించాడు. చక్రం తిప్పితే అది గాలిని నిప్పులోకి నెడుతుంది.

"గిరియప్ప ఫిట్టింగు" అని పేరొచ్చింది. పోయి చూసినవాడల్లా తనకూ కావాలన్నాడు. కాదనకుండా గోడమీద బొమ్మ గీసి మరీ నేర్పించాడు. తన దానితో కలిపి ఆ పద్ధతిలో ఐదు బళ్ళు తయారయ్యాయి.

చిక్కల్లా మంటపం దగ్గర మొదలైంది.

భార్య నంజమ్మ పుట్టిల్లు దేవనహళ్ళి. గిరియప్ప ఆమెను, తల్లి అక్కయమ్మను తీసుకుని నెలకోసారైనా ఆ దారిన పోయేవాడు. యలహంక దాటాక రోడ్డు మిట్టకెక్కే ఎగువ ఒకటి ఉంది. బొగ్గు బండికి అక్కడ ఊపిరి ఆడదు. బూడిద దులిపి, తిత్తి తిప్పి, నిప్పును మళ్ళీ లేపితే గానీ ఎక్కదు. సరిగ్గా ఆ ఎగువ మొదట్లో, రోడ్డు పక్కనే, సగం కూలిన రాతి మంటపం. ఎప్పుడో పెళ్ళికూతురి పల్లకీ అక్కడ ఆగిందని, పల్లకీ లేచింది గానీ పెళ్ళికూతురు లేవలేదని చెప్పుకుంటారు.

మొదటిసారి ఆగినప్పుడు నంజమ్మ తల పగిలిపోతోందని దిగి, రోడ్డు పక్కన కక్కుకుంది. రెండోసారి అక్కయమ్మకు కళ్ళు తిరిగాయి. మూడోసారి ఇద్దరికీ. ఇంటినుంచి మంటపం దాకా ఏమీ ఉండదు. మంటపం దాటి పది నిమిషాలు పోతే మళ్ళీ తేరుకుంటారు. దిగి తిత్తి తిప్పుతూ నిలబడ్డ గిరియప్పకు చెమట తప్ప ఇంకేమీ పట్టదు.

"మగోళ్ళ జోలికి రాదురా అది" అంది అక్కయమ్మ. "పెండ్లికూతురు కదా. ఆడోళ్ళ మీదే దానికి కన్ను. గాలి సోకింది మాకు."

"గాలైతే ఏం చేద్దామ్మా? ఆడ ఆపకుంటే బండి ఎక్కదు."

"ఆపు, వద్దనలేదు. అది లోపలికి రాకుండా చూడు. అద్దాలు మూస్తే ఎట్ల వస్తాది?"

గిరియప్పకు సబబుగానే తోచింది. గాలిని ఆపాలంటే సందు మూయాలి, ఇందులో తెలియనిదేముంది? అప్పటినుంచి మంటపం కనపడగానే నాలుగు అద్దాలూ పైకి తిప్పేవాళ్ళు, తెరలు లాగేవాళ్ళు, బానెట్టుకు నిమ్మకాయ కట్టేవాళ్ళు. అయినా తలనొప్పి తగ్గలేదు, పైగా పెరిగింది. పెరిగేకొద్దీ మంటపం మీద భయం పెరిగింది. భయం పెరిగేకొద్దీ అద్దాలు ఇంకా గట్టిగా మూశారు. ఆదివారం సంతలో గిరియప్ప అందరికీ చెప్పాడు కూడా: "దేవనహళ్ళి దారిలో మంటపం దగ్గర ఆపితే అద్దాలు మూయండప్పా. ఆడ గాలి ఉండాది."

మాఘమాసంలో ఒక శుక్రవారం నంజమ్మ తమ్ముడి ఇంట్లో పేరు పెట్టే వేడుక. ఆ రోజు బొగ్గు చెమ్మగా ఉంది. మంటపం దగ్గర ఆపగానే నంజమ్మ, నేను ఇందులో కూర్చోలేనని దిగి, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మంటపం వైపు చూడకుండా ఎగువ మీదికి గబగబా నడిచిపోయింది. అక్కయమ్మకు మోకాళ్ళ నొప్పులు. శాలువా కప్పుకుని లోపలే కూర్చుంది.

"అద్దాలు మూసినావా గిరీ?"

"మూసినానమ్మా. రెండు నిమిషాలు."

రెండు కాదు, ఇరవై అయింది. చెమ్మ బొగ్గు ఎంతకీ రాజుకోలేదు. గిరియప్ప కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చెయ్యి, ఎడమది నొప్పెడితే కుడిది మార్చి తిత్తి తిప్పుతూనే ఉన్నాడు. చివరికి నిప్పు లేచింది. సంతోషంగా వచ్చి తలుపు తీశాడు. అక్కయమ్మ తల తెరకు ఆనించి కూర్చుని ఉంది. ముఖం ఎర్రగా, కళకళలాడుతూ ఉంది. అమ్మ ముఖాన అంత కళ చూసి ఎన్నేళ్ళయిందో.

"అమ్మా" అన్నాడు. అమ్మ పలకలేదు.

చుట్టుపక్కల పొలాలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ ఎర్రటి ముఖం చూసి చేతులు జోడించారు. పెళ్ళికూతురు తన కుంకుమ రాసి తీసుకుపోయిందన్నారు. గిరియప్ప ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చాడు, ఆ మాట పట్టుకునే పదకొండు రోజులూ గడిపాడు.

తర్వాత నంజమ్మ కారువైపు చూసేది కాదు. గిరియప్ప మాత్రం పొద్దస్తమానం దాని దగ్గరే. అమ్మ తల ఆనించిన చోట పట్టు తెరమీద చిన్న నూనె మరక పడింది. కడిగేద్దామని మూడుసార్లు చెంబుతో నీళ్ళు తెచ్చాడు, మూడుసార్లూ చెట్టుకు పోశాడు. మళ్ళీ ఆ మంటపం దారిలో పోకతప్పదు, నంజమ్మకు పుట్టిల్లు లేకుండా చేయలేడు. అది ఇంకొకరిని తీసుకుపోకుండా ఏం చేయాలి? రాత్రీ పగలూ అదే యోచన. అద్దం చుట్టూ వెంట్రుకవాసి సందు ఉండిపోయింది, అందుకే వచ్చిందనుకున్నాడు. పాత ట్యూబులు సన్నగా కోసి, నాలుగు తలుపుల అంచులకూ రబ్బరు పట్టీలు అతికించాడు. వారం పట్టింది. ఎంత ముద్దుగా కుదిరాయంటే తలుపు వేస్తే ఉఫ్ఫని చప్పుడొచ్చేది.

"సందు ఏమన్నా మిగిలిందేమో లోపల కూర్చుని చూస్తా" అన్నాడు పట్టీల పని పూర్తయిన పొద్దున నంజమ్మతో. "అట్లే నిప్పు కూడా లేపాల. నువ్వు తిత్తి తిప్పతా ఉండు. సాకు, ఇంక చాలు అంటే ఆపేద్దువు."

నంజమ్మ పెరట్లో నిలబడి తిత్తి తిప్పడం మొదలుపెట్టింది. గిరియప్ప వెనక సీట్లో, అమ్మ కూర్చునే చోట కూర్చుని, అద్దాలు పైకి తిప్పి, రబ్బరు పట్టీల వెంబడి వేలు పోనిచ్చాడు. ఏ సందులోంచీ ఎండ కూడా దూరడం లేదు. మనసు కుదుటపడింది.

కాసేపటికి కణతల దగ్గర నాడి కొట్టుకోవడం వినిపించింది. బయట తిత్తి గర్రుగర్రుమంటోంది. అది తిత్తి చప్పుడు కాదు, అమ్మ గురక అనిపించింది. పక్కన ఎవరో సర్దుకుని కూర్చున్నారు. అమ్మ మోకాలు తన మోకాలికి ఆనింది. భయం వేయలేదు, అదే వింత. చలికాలంలో పొద్దున్నే లేవబుద్ధి కానట్టు హాయిగా ఉంది. "అమ్మా, అద్దాలు మూసినా" అని చెప్పబోయాడు. నోరు పెగల్లేదు. తలుపు పిడి మీదికి చెయ్యి పొమ్మంటే పోలేదు.

"ఇదో, సాకా?" నంజమ్మ తలుపు తీసింది.

గిరియప్ప బస్తాలా ఆమె కాళ్ళ దగ్గర పడ్డాడు. నంజమ్మ కేక పెట్టి, ఈడ్చుకుపోయి చెట్టు కింద పడేసి, ముఖాన నీళ్ళు కొట్టింది. కళ్ళు తెరిచేసరికి ఆమె కారు వైపే చూస్తోంది.

"గాలి ఇంటికే వచ్చేసిందండీ! అత్తమ్మను పట్టుకుని మన యెనకాల్నే వచ్చేసింది. నేను పోయి యాడనన్నా మంత్రగాణ్ణి పిల్చుకొస్తా."

"ఉండు" అన్నాడు గిరియప్ప.

తల రెండుగా చీలుతోంది. అయినా లెక్క మాత్రం తప్పడం లేదు. మంటపం ఇక్కడికి పద్నాలుగు మైళ్ళు. మంటపం ఇక్కడ లేదు. మరి అక్కడున్నది ఇక్కడేముంది? ఆగిన కారు. మూసిన అద్దాలు. రాజుకుంటున్న నిప్పు. తిరుగుతున్న తిత్తి.

లేచి, గోడ పట్టుకుని నడిచి, దేవుడి గూట్లోంచి ఊదుబత్తి వెలిగించి తెచ్చాడు. తలుపులన్నీ తెరిచాడు. నంజమ్మను మళ్ళీ తిత్తి తిప్పమన్నాడు. ఆమె ఏడుస్తూనే తిప్పింది. గిరియప్ప ఊపిరి బిగబట్టి, వెనక సీటు పైఅంచున, డ్రమ్ముకు అడ్డంగా పలక అతికిన సందు దగ్గర ఊదుబత్తి పెట్టాడు. నిటారుగా లేస్తున్న పొగ చటుక్కున ముందుకు వంగింది. సందులోంచి ఎవరో ఉఫ్ఫుమని ఊదుతున్నట్టు.

"ఆపు."

పొగ మళ్ళీ నిటారుగా నిలబడింది.

"తిప్పు."

వంగింది.

నిప్పు చల్లారాక పలక ఊడదీసి చూశాడు. డ్రమ్ము మూత చుట్టూ గంజి తాడు ఎండిన చెరువు అడుగులా పగిలి, నెర్రెలు విచ్చి ఉంది. పడుగుకు పెట్టే గంజి నిప్పు సెగకు ఆగుతుందా? బండి నడిచేటప్పుడు ఇంజనే ఆ గ్యాసును పీల్చేసుకుంటుంది. బండి ఆపి తిత్తి తిప్పినప్పుడు మాత్రం, రంగూ వాసనా లేని ఆ గాలి నెర్రెల్లోంచి వెనక సీట్లోకి పోతుంది. అద్దాలు మూసి ఉంటే లోపలే ఉండిపోతుంది. అమ్మ లోపల కూర్చుంటే, తను బయట నిలబడి, చేతులు మార్చి మార్చి ఇరవై నిమిషాలు...

గిరియప్ప పలక అలాగే వదిలేసి బావి గట్టుమీద కూర్చున్నాడు. నంజమ్మ ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, గంజి పగిలింది" అన్నాడు. రెండు రోజులు అన్నం ముందు కూర్చునేవాడు, కలిపేవాడు, లేచేవాడు.

మూడో రోజు పొద్దున నంజమ్మే అంది: "బళేపేట చెన్నరాయప్ప ఇంటోళ్ళు ఈపొద్దు దేవనహళ్ళికి పోతా ఉండారంట. పెండ్లికి. కొత్త ఫిట్టింగుతో మొదటి పయనం."

గిరియప్ప చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటపడ్డాడు. ఏం జరిగిందో తెలియక నంజమ్మ చెంగు బిగించి వెనకాలే నడిచింది.

చెన్నరాయప్ప నూనె గానుగ యజమాని. ఆదివారం సంతలో గిరియప్పకు ప్రియశిష్యుడు, గొంతు పెద్దది, పొట్ట ఇంకా పెద్దది. వీధిలో కారు తయారుగా ఉంది. చెన్నరాయప్ప చొక్కా విప్పి పక్కన పెట్టి తిత్తి తిప్పుతున్నాడు. లోపల అతని భార్య, ఇద్దరు కోడళ్ళు, ఒళ్ళో పసిపిల్ల. అద్దాలు దించే ఉన్నాయి.

"రాప్పా రా! గురువుగారు వచ్చినాడు, ఇంక మా బండి గాల్లో పోతాది" అన్నాడు చెన్నరాయప్ప. "చూడు, నిమ్మకాయలు నాలుగు కట్టినా. మంటపం వచ్చేసరికి అద్దాలు మూయాలని ఈళ్ళకు పాఠం చెప్పినా. మా ఇంటామె ఇప్పట్నుంచే మూస్తానంటాది, అంత భయం."

"చెన్నరాయప్పా, పయనం ఈపొద్దు వద్దు. ఫిట్టింగు మార్చాల."

"ఎందుకు?"

"గంజి నిలవదు. నిప్పు భయం."

"యాడి నిప్పు? నువ్వే కదప్పా మట్టి మెత్తించినావు!" చెన్నరాయప్ప చక్రం ఆపకుండానే నవ్వాడు. "నీ బొమ్మ చూసి నీకంటే బాగా కట్టినానని కుళ్ళుకుంటా ఉండావా ఏంది? ముహూర్తం టైమైతాది. గమ్మున పక్కకు జరుగు."

"అద్దాలన్నా మూయొద్దండి. మంటపం దగ్గర ఆడోళ్ళను దించేయండి."

ఈసారి లోపలినుంచి చెన్నరాయప్ప భార్య అందుకుంది. "ఏమన్నా, మీ అమ్మను పొట్టన పెట్టుకున్న మంటపంలో మమ్మల్ని దిగమంటావా? పసిబిడ్డ ఉండాది."

తిత్తి గర్రుగర్రుమంటోంది. కోడలు ఒకతె కణతలు నొక్కుకుంటోంది. గిరియప్ప ఆ వేళ్ళను చూశాడు. ఒక్క అడుగు ముందుకేసి చెన్నరాయప్ప చెయ్యి పట్టుకుని చక్రం ఆపేశాడు.

"మా అమ్మను మంటపం చంపలేదు. నేను చంపినా."

వీధంతా విన్నది. చెన్నరాయప్ప చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఏం మాటలప్పా అవి?"

"ఆ సీటెనకాల గంజి పగిలి గాలి లోపలికి వస్తాది. కండ్లకు కనపడదు. వాసన రాదు. తిత్తి తిప్పేకొద్దీ వస్తాది. నేను తిప్పినా. ఆమె అద్దాలు మూసినావా అంటే మూసినా అన్నా. ఊదుబత్తి తెప్పించు, చూపిస్తా."

ఊదుబత్తి వచ్చింది. చూపించాడు. చేతులు ఆ పని చేస్తున్నంతసేపూ నంజమ్మ వైపు తిరగలేదు. పొగ వంగడం చూసి చెన్నరాయప్ప భార్య, కోడళ్ళు ఒకరి వెంట ఒకరు చప్పుడు లేకుండా దిగారు. పసిపిల్లను ఎవరో దూరంగా తీసుకుపోయారు. అప్పుడు నంజమ్మ గొంతు వినిపించింది.

"నేను కక్కుకున్న దినం కూడా ఇదేనా?"

"ఇదే."

నంజమ్మ కారుకున్న నిమ్మకాయల వంక చూస్తూ నిలబడింది.

చివరికి చెన్నరాయప్పవాళ్ళకు పెళ్ళికి పోకతప్పలేదు. గిరియప్పే కూర్చుని తలుపులకు అద్దాలు పైకి లేవకుండా మేకులు కొట్టాడు. వెనక పలకకు పైనుంచి కిందిదాకా తడిమట్టి మెత్తాడు. ఎక్కడ ఆగినా అందరూ దిగాలని, దిగి దూరంగా కూర్చోవాలని, మంటపమైనా సరే అని ఒట్టు వేయించుకున్నాడు. కారు కదిలాక మిగిలిన మూడు ఇళ్ళకూ నడిచాడు. ప్రతి ఇంట్లోనూ మొదట గంజి మాట చెప్పాడు. ప్రతి ఇంట్లోనూ నవ్వారు. ప్రతి ఇంట్లోనూ, అమ్మను నేను చంపినా అన్న ఆ రెండో మాటే చెప్పాల్సి వచ్చింది. చెప్పగా చెప్పగా నోటికి అలవాటవుతుందనుకున్నాడు. మూడో ఇంట్లో ఆ మాట నోట్లోంచి రావడానికి మొదటిదానికంటే ఎక్కువసేపు పట్టింది.

ఇంటికొచ్చాక నంజమ్మ నీళ్ళు పెట్టింది, అన్నం పెట్టింది. చీకటి పడుతుండగా మెల్లగా అంది: "అత్తమ్మకు గుండె కూడా బాగుండేది కాదు."

"అవును" అన్నాడు.

"ఆ మంటపంలో నిజంగానే ఏమన్నా ఉంటే? గాలీ ఉండొచ్చు, గ్యాసూ ఉండొచ్చు. రెండూ."

గిరియప్ప ఆ మాట పట్టుకునే ఆ రాత్రి కాస్త కునుకు తీశాడు.

మరునాడు మధ్యాహ్నం చెన్నరాయప్ప వచ్చాడు. చేతిలో పెళ్ళి లడ్డూల పొట్లం, ముఖమంతా నవ్వు. గడపలోనుంచే కేకేశాడు.

"గిరియప్పా! మా ఇంటి దేవుడప్పా నువ్వు! మంటపం దగ్గర ఆపినాము. నేను అరగంట తిత్తి తిప్పినా. మా ఆడోళ్ళు ఏం చేసినారనుకున్నావు? మొదట రోడ్డుమీదే నిలబడినారు. ఎండ మండతా ఉండాది. మా ఇంటామె, కానీ ఏమైతే అదయిందని మంటపంలోకే పోయి కూసునింది! కోడండ్లూ పోయినారు. ఆ రాళ్ళమీదే చిత్రాన్నం తినినారు, బిడ్డకు పాలిచ్చినారు. పాటలు కూడా పాడినారప్పా!"

గిరియప్ప స్తంభం పట్టుకుని లేచాడు.

"ఎవరికీ ఏమీ కాలేదా?"

"ఊహూఁ!"

"తలనొప్పి? కొంచెమన్నా? ఒక్కరికన్నా?"

"ఒక్కరికీ లేదంటా ఉంటే! ఆడ ఏ గాలీ లేదు, దయ్యమూ లేదు. వట్టి రాళ్ళు." చెన్నరాయప్ప లడ్డూ తీసి అతని చేతిలో పెట్టాడు. "తిను. నోరు తీపి చేసుకో."

గిరియప్ప లడ్డూ పట్టుకుని నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో నంజమ్మ ఉంది. ఒక్కరికన్నా అని అతను అడిగినప్పుడు ఆ గొంతులో ఉన్నదేమిటో ఆమెకు వినపడింది. భయం కాదది, మంటపంలో నిజంగానే ఏమన్నా ఉండాలన్న ఆశ. అది ఆమెకు వినపడిందని అతనికీ తెలిసిపోయింది.

"మంచిదప్పా" అన్నాడు గిరియప్ప. "శానా మంచిది."

చెన్నరాయప్ప పెళ్ళి ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. నంజమ్మ వచ్చి, గిరియప్ప చేతిలోని లడ్డూ మెల్లగా తీసుకుని, చెన్నరాయప్పకు కూర్చోవడానికి చాప పరిచింది.